కుడి సీటుకి బ్రేకు లేదు

మీలో ఎవరికైనా ఇంట్లోనే సొంతంగా విమానం కట్టుకునే ఆలోచన ఉంటే, రెక్కల గురించీ ఇంజను గురించీ నేనేమీ చెప్పను. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. నేను చెప్పేది ఒక్కటే. బ్రేకులు రెండు సీట్లకీ పెట్టండి.

నేను పెట్టలేదు.

మా గ్యారేజీలో తొమ్మిదేళ్ళు కట్టాను ఆ విమానాన్ని. కట్టాను అంటే మా ఆవిడ ఆర్లిస్ ఊరుకోదు, కట్టాం అనాలి. రేకు మీద రివెట్లు దిగగొట్టింది నేనైతే, రెక్క లోపలికి భుజం దాకా చెయ్యి దూర్చి అవతలి పక్క ఇనప దిమ్మ ఆనించి పట్టుకున్నది ఆవిడ. రివెట్టు దిగినప్పుడల్లా లోపల్నుంచి "ఊఁ" అనేది. తొమ్మిదేళ్ళ పాటు మా సంసారంలో సంభాషణ అంతే. నేను ఢడఢడ, ఆవిడ ఊఁ. అంతకుముందు కూడా అంతేనని గిట్టనివాళ్ళు అంటారు.

మా విమానానికి పక్కపక్కన రెండు సీట్లు. ఎడమది నడిపేవాడిది, అంటే నాది. కుడిది ఆవిడది. బ్రేకులు పాదాల దగ్గరుంటాయి. పెడల్ పైభాగాన్ని మునివేళ్ళతో నొక్కాలి. ఎడమ పెడల్ ఎడమ చక్రాన్ని పడుతుంది, కుడి పెడల్ కుడి చక్రాన్ని. ముందు చక్రమేమో సూపర్ మార్కెట్ తోపుడు బండి చక్రం లాంటిది. ఎటు తోస్తే అటు తిరుగుతుంది, దానికంటూ ఒక అభిప్రాయం లేదు. కాబట్టి నేల మీద మాకు బ్రేకే స్టీరింగు. ఎడమకి తిరగాలంటే ఎడమ బ్రేకు, కుడికి తిరగాలంటే కుడి బ్రేకు. బ్రేకుల్లేని సీట్లో కూర్చున్న మనిషి విమానాన్ని షెడ్డు గుమ్మం కూడా దాటించలేడు.

"నా వైపు బ్రేకులేవి?" అని ఆవిడ కట్టేటప్పుడే అడిగింది.

"బరువు ఆర్లిస్. విమానంలో అనవసరమైన బరువు పిసరంత కూడా ఎక్కించకూడదు."

ఆవిడ నా బొజ్జ వంక చూసి, "ఊఁ" అంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆవిడ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. మా మినెసోటా చలికాలంలో, గాజులా గడ్డకట్టిన రోడ్ల మీద, వెనక పిల్లలు ఒకళ్ళ టోపీలు ఒకళ్ళు కిటికీలోంచి విసిరేస్తుంటే. ఆవిడ బ్రేకు వేసిందంటే వెనక సీట్లో ఆవలింత మొదలెట్టినవాడు ముందు సీట్లో నోరు మూసేవాడు. అలాంటి మనిషికి బ్రేకులివ్వకుండా కూర్చోబెట్టిన మొగుణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పోయిన చలికాలమంతా ఆవిడ చర్చి దుప్పట్ల సంఘానికని చెప్పి వెళ్ళొచ్చింది. ఒక్క దుప్పటీ ఇంటికి రాకపోయేసరికైనా నాకు అనుమానం రావలసింది. మంచు కరిగేసరికి దుప్పటి బదులు పైలట్ లైసెన్సు వచ్చింది.

దాన్ని కాఫీ కప్పు పక్కన పెట్టి, మామూలుగా కిరాణా సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఫాదర్స్ డేకి స్టావ్‌డాల్ పాన్‌కేకులకి ఈసారి నేను నడుపుతాను. నువ్వు కుడి పక్కన కూర్చో."

నా చేతిలో బ్రెడ్డు ముక్క కాఫీలో పడిపోయింది.

మా వైపు చిన్న చిన్న విమానాల మైదానాలు ప్రతి ఊరికీ ఒకటి ఉంటాయి. ఏడాదికో ఉదయం వంతు వేసుకుని పాన్‌కేకుల విందు చేస్తాయి. చుట్టుపక్కల విమానాలన్నీ ఎగిరొచ్చి గడ్డిలో వరసగా ఆగుతాయి. ఆచారమేమిటంటే, విమానం నడుపుకొచ్చిన మనిషికి చొక్కా మీద 'పైలట్' అని గుండ్రటి స్టిక్కరు అంటిస్తారు. స్టిక్కరు ఉన్నవాళ్ళకి ఫలహారం ఉచితం, వరసలో నిలబడక్కర్లేదు. పక్క సీట్లో కూర్చుని వచ్చినవాళ్ళు వరసలో నిలబడి కొనుక్కోవాలి.

జూన్‌లో ఫాదర్స్ డే ఆదివారం వంతు మా పొరుగూరు స్టావ్‌డాల్‌ది. విమానం ఎగిరిన నాటినుంచీ అక్కడ నేను స్టిక్కరుతో తింటున్నాను, ఆవిడ వరసలో నిలబడి తింటోంది. ఆ స్టిక్కరు నేను మర్నాడు కిరాణా కొట్టుకి వెళ్ళేటప్పుడు కూడా తియ్యను. ఉతికి ఆరేసిన చొక్కా మీద కూడా దాని గుండ్రటి మచ్చ ఉంటుంది.

ఎడమ సీటు పోతే నాకు మిగిలేదేమిటి? ఆవిడ బాగా నడుపుతుందా లేదా అని కాదు నా భయం. బాగా నడిపితే ఎలా అన్నదే.

మర్నాడు పొద్దున్న ఒక పథకం వేశాను. గుడ్డు పెంకు తీస్తూ, కిటికీలోంచి ఎటో చూస్తూ, "ఎడమ బ్రేకు మెత్తగా ఉంది" అన్నాను.

"ఎంత మెత్తగా?"

"మీ చెల్లెలు చేసే కేకంత."

"అయితే చాలా గట్టిగానే ఉందన్నమాట."

"నవ్వులాట కాదు ఆర్లిస్. బ్రేకు సరిగ్గా లేని విమానం కొత్తవాళ్ళ చేతికి ఇవ్వకూడదు."

"మరి బాగుచెయ్యి. నలభై ఏళ్ళు ట్రాక్టర్లు బాగుచేశావు కదా."

"చేస్తాను. కానీ ఇది హైడ్రాలిక్సు. తొందరపడే పని కాదు."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. అబద్ధానికి అంగబలం కావాలని వివరణ మొదలుపెట్టాను. పెడల్ నొక్కితే గొట్టంలో నూనె కదులుతుందనీ, ఆ నూనె వెళ్ళి చక్రం దగ్గర చిన్న పిస్టన్‌ని తోస్తుందనీ, అది రెండు ప్యాడ్లని చక్రంతో పాటు తిరిగే ఇనప బిళ్ళకి అటూ ఇటూ నొక్కిపడుతుందనీ చెప్పాను. నూనె నలగదు, గాలి నలుగుతుంది. నూనెలో గాలి బుడగ చేరిందంటే నువ్వు ఎంత నొక్కినా బుడగ నలుగుతుందే కానీ బిళ్ళ ఆగదు. బల్ల మీద ఉప్పు సీసా, మిరియాల సీసా పెట్టి చూపించాను. ఆవిడ చెంపకి చెయ్యి ఆనించుకుని వింది. మా పెళ్ళి ప్రమాణాలప్పుడు కూడా అంత శ్రద్ధ చూపలేదు.

"ఆ ప్యాడ్ల సంగతి మళ్ళీ చెప్పు" అంది.

పొంగిపోయి మళ్ళీ చెప్పాను.

మైదానంలో మా షెడ్డు పక్కదే ఎల్రాయ్‌ది. వాడు నాకు చిన్ననాటి స్నేహితుడు. పదిహేడేళ్ళుగా విమానం కడుతున్నాడు. ఎప్పుడు అడిగినా "తొంభై శాతం అయిపోయింది" అంటాడు. అందుకని వాడి పేరే తొంభై శాతం ఎల్రాయ్ అయిపోయింది. సొంత విమానం తప్ప మైదానంలో అందరి విమానాల మీదా వాడికి అభిప్రాయాలున్నాయి.

నా పథకం ప్రకారం రోజూ సాయంత్రం షెడ్డుకి వెళ్ళి, చక్రం దగ్గర కాసేపు పడుకుని, ఇంటికొచ్చి నిట్టూర్చాలి. ఫాదర్స్ డే దగ్గరపడ్డాక "ఇంకా పూర్తిగా నమ్మకం లేదు, ఈసారికి నేనే నడుపుతాలే" అనాలి. ఇంతే. ఖర్చు లేదు, శ్రమ లేదు.

కానీ మొదటి సాయంత్రమే ఆవిడ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వచ్చి కారులో కూర్చుంది.

"నువ్వెందుకు?"

"బ్రేకు పనికి ఇద్దరు కావాలన్నావుగా. ఒకళ్ళు కింద, ఒకళ్ళు పెడల్ మీద."

అన్నాను. ఉప్పు సీసా పట్టుకుని మరీ అన్నాను.

అలా నేను సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకున్నాను, ఆవిడ నా ఎడమ సీట్లో కూర్చుంది. ఆ సీటు కాపాడుకోవడానికి వేసిన పథకం, దాన్ని మొదటి రోజే ఆవిడకి అప్పజెప్పింది.

ఇక ఏదో ఒకటి చెయ్యకపోతే బాగుండదు కదా. ఎడమ చక్రం దగ్గర గాలి తీసే చిన్న మరకి స్పానర్ తగిలించి, "నొక్కు" అని అరిచాను.

"నొక్కాను."

"పట్టుకో."

"పట్టుకున్నాను."

మర వదులు చేశాను. ఎర్రటి బ్రేకు ఆయిల్ చివ్వున వచ్చి నా కనుబొమ్మల్లో పడింది.

"వదులు!"

"నువ్వు బిగించావా?"

"వదలమన్నానా!"

"బిగించకుండా వదిలితే గాలి లాగుతుందని నువ్వే చెప్పావు. బిగించావా?"

"కళ్ళు కనపడట్లేదు ఆర్లిస్!"

"అయితే నొక్కే ఉంచుతాను. తీరిగ్గా తుడుచుకో."

మర బిగించాను. ఆ సాయంత్రం అలా చాలాసార్లు నొక్కు, పట్టుకో, వదులు అయ్యింది. బస్సు నడిపిన కాలు కదా, అలసట లేదు. నేను మాత్రం ఒక సంగతి మర్చిపోయాను. ట్రాక్టరుకి బ్రేకు నూనె నిలవుండే డబ్బా పెద్దది. విమానానిది బరువు తగ్గించాలని నేనే ఏరి తెచ్చిన డబ్బా. దగ్గు మందు సీసా అంత ఉంటుంది. ఎప్పుడు ఖాళీ అయిందో తెలీదు. ఆవిడ నొక్కిన ప్రతి నొక్కుకీ గొట్టంలోకి గాలి దిగింది.

"వెర్లిన్" అంది పైనుంచి. "పెడల్ నేలకి ఆనింది."

లేచి నేనే నొక్కి చూశాను. నిజంగానే మెత్తబడింది. మా మరదలి కేకులా కాదు, పుడ్డింగులా.

ఆరోగ్యంగా ఉన్న బ్రేకుని రోగిష్ఠిదని చెప్పి, వైద్యం చేసి, నిజంగానే మంచాన పడేశాను.

తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పను, ఆయిల్ మరకలే చెబుతాయి. ఆవిడ స్వయంగా కుట్టిన సీటు గుడ్డ మీద ఒకటి. చర్చికి వేసుకునే నా ప్యాంటు మీద ఒకటి. డబ్బాలో ఆయిల్ ఎక్కువైనప్పుడు తోడెయ్యడానికి వంటింట్లోంచి పిచికారీ పట్టుకెళ్ళాను. అదే, థాంక్స్‌గివింగ్‌కి టర్కీ కోడి వేగుతుంటే పైన రసం పోసే రబ్బరు బుడ్డి పిచికారీ. నాలుగు రోజులకి ఆవిడ దాన్ని నా పనిముట్ల పెట్టెలో చూసింది. వెలుతురుకి ఎత్తి పట్టి, ఎర్రటి నూనెని అటూ ఇటూ ఒంపింది.

"ఈ ఏడు మన కోడి చక్కగా ఆగుతుంది" అంది.

మళ్ళీ మళ్ళీ పైనుంచి ఆయిల్ పోశాను, కింద మర విప్పాను. ట్రాక్టరుకి అంతే చేస్తాం. గాలి మాత్రం రాదు. ఎల్రాయ్ రోజూ శాండ్‌విచ్ పట్టుకుని వచ్చి తన షెడ్డు తలుపుకి ఆనుకుని చూసేవాడు.

"ఒరేయ్ వెర్లిన్, విమానానికి పైనుంచి కాదురా. కిందనుంచి ఎక్కించాలి."

"నలభై ఏళ్ళు బ్రేకులు చేశాను."

"ట్రాక్టర్లకి. అవి ఎగరవు."

"నీదీ ఎగరలేదుగా!"

వాడు నొచ్చుకోలేదు. శాండ్‌విచ్ నములుతూ, "తొంభై శాతం అయిపోయింది" అన్నాడు.

పైనుంచి ఆర్లిస్ తల బయటపెట్టింది. "కిందనుంచి ఎందుకు ఎల్రాయ్?"

"మీవాడి గొట్టాలు చక్రం నుంచి పెడల్ దాకా, అక్కణ్ణుంచి డబ్బా దాకా ఎక్కుతూనే పోతాయమ్మగారూ. బుడగ పైకి పోదామంటుంది, వీడు కిందికి రమ్మంటాడు."

"నా దోసకాయ ఊరగాయ సీసాల్లో కూడా బుడగలు పైకే వస్తాయి" అంది ఆవిడ నా వంక చూసి. "నీ బుడగలు కిందికి దిగుతాయా వెర్లిన్?"

"ట్రాక్టర్లలో దిగుతాయి" అన్నాను. పౌరుషం అలాంటిది.

ఫాదర్స్ డే ముందు శుక్రవారం వచ్చేసింది. అప్పుడు తట్టింది నాకు అసలు ప్రమాదం. బ్రేకు లేకపోతే ఆవిడా నడపదు, నేనూ నడపను. స్టిక్కరు ఎవరికీ రాదు. కారులో స్టావ్‌డాల్ వెళ్ళి వరసలో నిలబడాలి.

కాబట్టి మాట మార్చాను. "బ్రేకు గట్టిపడింది" అని ప్రకటించాను. ఇన్ని వారాలూ మంచి బ్రేకుని చెడ్డదన్నాను, ఇప్పుడు చెడ్డ బ్రేకుని మంచిదన్నాను. మధ్యలో నిజం చెప్పే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు.

"కొత్తగా రిపేరు చేసిన బ్రేకులు కదా. మొదటి ప్రయాణం కట్టినవాడే చెయ్యడం పద్ధతి. ఆదివారం నేనే నడుపుతాను."

"అలాగే. ముందు నేల మీద నడిపి చూపించు" అంది.

పెడల్‌ని పదిసార్లు గబగబా నొక్కితే కాస్త గట్టిపడుతుంది, కాసేపటికి మళ్ళీ జారిపోతుంది. ఆ కాసేపట్లో పని కానిచ్చేద్దామని ఇంజను స్టార్టు చేశాను. షెడ్డు ముందు ఆర్లిస్, ఎల్రాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

బయటికి తీశాను. పెట్రోలు బంకు ఎడమ వైపుంది. ఎడమ బ్రేకు నొక్కాను. పెడల్ పాతకాలపు సోఫాలా లోపలికి పోయింది. విమానం తిన్నగానే పోతోంది. ఎదురుగా మైదానం కంచె.

కంగారులో కుడి బ్రేకు నొక్కాను. అది పట్టింది. విమానం బుద్ధిగా కుడికి తిరిగింది. ఇంకా తిరిగింది. ఒక చుట్టు పూర్తయి మళ్ళీ షెడ్డు ముందుకొచ్చాను. ఎల్రాయ్ శాండ్‌విచ్ ఎత్తి సలాం చేశాడు.

ఎడమకి పోవాలంటే కుడికి ముప్పాతిక చుట్టు తిరిగితే చాలు కదా అని తోచింది. లెక్క సరైనదే. ఇంకో చుట్టు తిరిగాను. కొంచెం ఎక్కువైంది. సర్దుకోడానికి ఇంకో చుట్టు. ప్రతి చుట్టుకీ కుడి చక్రం కింద నుంచి ఎవరో పెనం మీద గరిటెతో గీకుతున్న చప్పుడు. ఆర్లిస్ ముందునుంచి వెళ్ళినప్పుడల్లా, అంతా అనుకున్నట్టే జరుగుతోందన్నట్టు తల ఊపాను. ఆవిడ కూడా తల ఊపింది. ఊపి, ఒక వేలు గొంతు మీద అడ్డంగా గీసి చూపించింది.

దాని అర్థం ఇంజను ఆపెయ్యమని. పైలట్ల సైగ. నేను మాత్రం మొదట ఇంకోలా అర్థం చేసుకుని భయపడ్డాను.

ఇంజను ఆపేశాను. ప్రొపెల్లర్ నిలిచింది. విమానం మాత్రం పల్లానికి తన దారిన తాను, చప్పుడు లేకుండా, వయసుమళ్ళిన ఆవులా నడుచుకుంటూ వెళ్ళి, షెడ్డు పక్కన ఆవిడ వేసుకున్న రూబార్బ్ మడిలోకి దిగి ఆగింది. పుల్లటి ఎర్ర కాడలు, పెద్ద పెద్ద ఆకులు రెండు రెక్కల కిందా గొడుగుల్లా లేచి నిలబడ్డాయి.

ఆర్లిస్ తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. విమానం వంక చూడలేదు. విరిగిన కాడలు ఏరి ఒడిలో వేసుకుంది.

"రూబార్బ్ పై చెయ్యడానికి ఎలాగూ కోద్దామనుకుంటున్నాను" అంది. పై అంటే మా వైపు పిండిలో ఈ కాడలు కూరి కాల్చే తీపి వంటకం.

"ఎడమ బ్రేకు..." అన్నాను దిగుతూ.

"అది మొదటి రోజు బాగానే ఉంది వెర్లిన్. నువ్వు ఎల్రాయ్‌తో కాఫీ తాగుతుంటే ఎక్కి నొక్కి చూశాను. రాయిలా ఉంది."

"మరి అప్పుడే చెప్పలేదేం!"

"చెబితే నువ్వు ఇవన్నీ చెప్పేవాడివా? తొమ్మిదేళ్ళు ఆ రెక్క లోపల చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఏది దేనికని అడిగితే 'నీకెందుకులే, పట్టుకో' అన్నావు. నిజం చెప్పేటప్పుడు నీకు రెండు మాటలు రావు. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం ఉప్పు సీసాతో సహా చెబుతావు. లైసెన్సు ఉండగానే సరా? నేను నడిపే విమానం బ్రేకుల సంగతి నాకు తెలియాలి. నేర్చుకున్నాను."

ఎల్రాయ్ శాండ్‌విచ్ నమలడం ఆపేశాడు.

ఆవిడ అప్పటికే కుడి చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ముక్కుతో గాలి పీలుస్తోంది. "ఇదేమిటి, కాలిన వాసన? ఆ గీకుడు ఇక్కణ్ణుంచే. స్పానర్ ఇలా ఇవ్వు."

ఇచ్చాను. రెండు బోల్టులు తీస్తే ప్యాడ్లు పట్టుకునే దిమ్మ జారి చేతిలోకి వస్తుంది. ఎలా తియ్యాలో నేనే చెప్పాను కదా. ఆవిడ ప్యాడ్లు బయటికి తీసి వెలుతురుకి పెట్టింది. అరిగి అరిగి పైపొర పోయింది. రివెట్ల తలలు బయటపడి మెరుస్తున్నాయి. ఇనుమే ఇనుముని గీకింది. బిళ్ళ మీద గోళ్ళతో రక్కినట్టు చారలు.

స్టావ్‌డాల్ రన్‌వే పొట్టిది. దాని చివర్లోనే విమానాల వరస, ఆ వెనకే పాన్‌కేకుల డేరా, పిల్లలు. నేను పథకం వెయ్యకపోయి ఉంటే మేమిద్దరం, ఎవరు నడిపినా, ఈ ప్యాడ్లతోనే అక్కడ దిగేవాళ్ళం. ఇన్ని వారాలు ఎడమ చక్రం కింద పడుకున్నాను కానీ, అటు తిరిగి కుడి చక్రం వంక ఒక్కసారి చూడలేదు.

"ఎడమ కాలికి కట్టు కట్టావు" అంది ఆర్లిస్ నెమ్మదిగా. "దెబ్బ కుడి కాలికి."

"నా బుద్ధి..."

"నీ బుద్ధి సంగతి తర్వాత. రేపటిలోగా కొత్తవి ఎక్కడ దొరుకుతాయి?"

ఎల్రాయ్ తన షెడ్డులోకి వెళ్ళి ఒక పెట్టె తెచ్చాడు. పదిహేడేళ్ళుగా ఎక్కడికీ వెళ్ళని విమానం కోసం కొని దాచిన కొత్త ప్యాడ్ పొరలు. కాయితం కూడా విప్పలేదు.

"తీసుకోండి అమ్మగారూ. కానీ ఇవి ఇచ్చేస్తే నాది ఎనభై తొమ్మిది శాతానికి పడిపోతుంది" అన్నాడు దిగులుగా.

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టాం. అరిగిన పొరలు ఊడగొట్టి కొత్తవాటిని రివెట్లతో బిగించాలి. సుత్తి నేను అందుకోబోయాను.

"నువ్వు పట్టుకో" అంది ఆవిడ.

ఆవిడ కొట్టింది. నేను కింద దిమ్మ ఆనించి పట్టుకున్నాను. ప్రతి దెబ్బకీ "ఊఁ" అన్నాను. పట్టుకోవడం అంత తేలిక కాదని, వేళ్ళు జివ్వుమంటాయని తొమ్మిదేళ్ళ తర్వాత తెలిసింది.

తర్వాత గాలి తీసే పని. నూనె పోసే ముక్కు డబ్బాకి సన్నటి పారదర్శకపు గొట్టం తగిలించి, ఆ గొట్టాన్ని చక్రం దగ్గర మరకి బిగించి, కిందనుంచి పైకి నెమ్మదిగా ఎక్కించాలి. కింద ఆవిడ పడుకుంది. నేను ఇంజను కప్పు కింద తల దూర్చి, ఆ దగ్గు మందు సీసా అంత డబ్బా మీద కళ్ళు పెట్టి, చేతిలో టర్కీ పిచికారీతో కాపలా నిలబడ్డాను.

"వస్తున్నాయా?" కిందనుంచి.

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"ఆగు, ఆగు... ఒకటొచ్చింది!"

బుడుంగుమని ఒక పెద్ద బుడగ, దాని వెనకే పిల్ల బుడగలు, చర్చి వదిలినట్టు వరసగా వచ్చాయి. అరవై దాటినవాడిని, ఒక్కో బుడగ వస్తుంటే కేరింతలు కొట్టాను. కిందనుంచి ఆవిడ కూడా నవ్వుతోంది. ఎల్రాయ్ చూడ్డానికి వచ్చి, "నేను చెబితే వినలేదు" అని కూడా అనలేదు. పాపం, వాడికి ఆ ఒక్క శాతం బెంగ పట్టుకుంది.

ఎడమ పెడల్ నొక్కి చూశాను. రాయి. కుడిదీ రాయి.

కొత్త ప్యాడ్లు పదును పట్టాలంటే నేల మీద కాస్త జోరుగా నడిపి గట్టిగా బ్రేకు వెయ్యాలి, చల్లారనిచ్చి మళ్ళీ వెయ్యాలి. ఆవిడ ఎడమ సీట్లో కూర్చుంది. నేను జీవితంలో మొదటిసారి కుడి సీట్లో కూర్చున్నాను. జోరందుకుంది. నొక్కింది. నా టోపీ ఎగిరి అద్దానికి కొట్టుకుని ఒళ్ళో పడింది.

"బాగా పడుతున్నాయి" అంది స్కూలు బస్సు డ్రైవరు.

ఆదివారం ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది. కింద మొక్కజొన్న చేలు మోకాలెత్తు వచ్చాయి, చెరువుల్లో పడవల్లో జనం చేపలకి గాలాలేసుకుని కూర్చున్నారు. నా ఒళ్ళో రూబార్బ్ పై వెచ్చగా ఉంది. స్టావ్‌డాల్ కనిపించేదాకా నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. నోట్లో పై ముక్క ఉండటం అందుకు కారణం.

చక్రాలు గడ్డి అంచు దాటి రన్‌వే మీద ఆనాయి. ఎంత మెత్తగా ఆనాయంటే నేను గమనించలేదు కూడా. నేను గమనించింది రన్‌వే చివర. అది వచ్చేస్తోంది. విమానాల వరస, డేరా, అందరూ వచ్చేస్తున్నారు. రెండు కాళ్ళూ చాచి, పళ్ళు బిగబట్టి, శక్తికొద్దీ నొక్కేశాను.

అక్కడ ఏమీ లేదు. ఉత్త పెడల్. పైన బ్రేకు ఉండాల్సిన చోట గాలి.

విమానం మాత్రం తీరిగ్గా నెమ్మదించి, ఎడమకి ఒదిగి, వరసలో చివరి విమానం పక్కన సరిగ్గా ఆగింది.

ఆవిడ ఇంజను ఆపి నా కాళ్ళ వంక చూసింది. నేను ఇంకా నొక్కే ఉన్నాను.

"ఇన్నేళ్ళూ నేనూ అక్కడే నొక్కాను వెర్లిన్" అంది. "చూడు, చాప కూడా అరిగింది."

చూశాను. నిజమే. కుడి సీటు పెడల్స్ వెనక, వేళ్ళు జారి ఆనే చోట, చాప మీద రెండు పాదాల మునివేళ్ళ గుంటలు. నావి సరిగ్గా వాటిల్లో అమరాయి.

"దిగడం అంత అధ్వాన్నంగా లేదు" అన్నాను. మా వైపు ఆ మాట అన్నామంటే పూలదండ వేసినట్టే. ఆవిడ ముఖం ఎర్రబడింది. అద్దంలో చూసుకుంటున్నట్టు నటించింది.

డేరా దగ్గర ఏప్రన్ కట్టుకున్న పెద్దావిడ స్టిక్కర్ల చుట్ట పట్టుకుని నిలబడింది. అలవాటు కొద్దీ నేను ఛాతీ ముందుకు పెట్టాను. ఆవిడ నన్ను దాటి చెయ్యి చాచి, ఆర్లిస్ చొక్కా మీద ఆ గుండ్రటి స్టిక్కరు అంటించి, అరచేత్తో అదిమింది.

"మీరు అటు వరసలో నిలబడండి నాయనా" అంది నాతో. "ఫాదర్స్ డే శుభాకాంక్షలు."

నిలబడ్డాను. వరస పొడుగే. కానీ అంత అధ్వాన్నంగా లేదు. నా ముందున్న ఆయన కూడా భార్య నడిపితేనే వచ్చాడట. ఆయన విమానంలో బ్రేకులు రెండు వైపులా ఉన్నాయని చెప్పి నన్ను చిన్నబుచ్చాడు.

పళ్ళెం పట్టుకుని వెళ్ళి ఆర్లిస్ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ సగం తినేసింది. స్టిక్కరు ఎండలో మెరుస్తోంది.

"చూడు ఆర్లిస్" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. "ఈ చలికాలం పని పెట్టుకుందాం. కుడి వైపు కూడా బ్రేకులు పెట్టేస్తాను. పెట్టేద్దాం. నువ్వు కొట్టు, నేను పట్టుకుంటాను."

ఆవిడ సిరప్ జగ్గు అందుకుని, తన పాన్‌కేకుల మీద సన్నటి ధారగా పోసుకుంటూ ఆలోచించింది. నా పళ్ళెంలో మూడో పాన్‌కేకు వంక చూసింది. నా బొజ్జ వంక చూసింది.

"ఎందుకు వెర్లిన్?" అంది ప్రేమగా. "అనవసరమైన బరువు."